చిల్లరలో తేడా నాణెం దొరికితే: దాచాలా, ఖర్చు పెట్టేయాలా?

సిరిమానోత్సవం మర్నాడు విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల కొట్లలోనో, ఆదివారం అరసవల్లి గుడి దగ్గరో చిల్లర గుప్పెడు చేతికొస్తే అందులో తేడాగా ఉన్నది ఒకటి తగలొచ్చు. ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ తేడా టంకశాలలో పుట్టిందా, బయటికొచ్చాక ఎవరైనా చేసిందా? పదింతలు చూపే భూతద్దం, అదే రకం మంచి నాణెం ఒకటి పక్కన పెట్టుకోండి. తూకానికి తెలిసిన బంగారం కొట్టు చాలు.

అంచు చంద్రవంకలా తెగి ఉంది

లోహపు రేకులోంచి బిళ్లలు కోసేటప్పుడు రేకు సరిగ్గా జరగకపోతే, పంచ్ పాత రంధ్రం మీదికి పడుతుంది. దొరికేవాటిలో ఇదీ దాచదగ్గ రకమే, ఆకురాయితో ఇంట్లో తయారుచేసేదీ ఇదే. వంకకు సరిగ్గా ఎదురువైపు అంచు చూడండి. బిళ్ల చుట్టూ ఎత్తుగా గట్టు కట్టే యంత్రంలో తెగిన చోట ఒత్తిడి అందదు, దాంతో ఎదురువైపు గట్టు కూడా సాధారణంగా పలచబడుతుంది. అక్కడ గట్టు నిండుగా ఉండి, తెగిన చోట సన్నటి గీతలుంటే నమ్మకండి. 2011 నమూనా 5 రూపాయల నాణెం 6 గ్రాములు. పదోవంతు పోతే 5.4 దగ్గర తూగాలి. అయితే ఆకురాయితో రాసినా బరువు తగ్గుతుంది, తూకం ఒక్కటే సాక్ష్యం కాదు.

వెనకవైపు ఒరిగి ఉంది

సింహాలను నిటారుగా ఉంచి, నాణేన్ని పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి. మన నాణెమైతే రెండోవైపూ నిటారుగానే రావాలి. రాలేదంటే బిగింపు సడలి అచ్చు తిరిగిందన్నమాట. గడియారం ముల్లులా లెక్కేయండి: ఒక గంట ఒరిగితే 30 డిగ్రీలు. అంతకు తక్కువైతే ఖర్చు పెట్టేయండి. మూడు గంటలు దాటితే దాచండి, పూర్తిగా తలకిందులైతే ఇంకా మంచిది. అమెరికా నాణేలు మాత్రం తయారీలోనే తలకిందులు, వాటిని చూసి మురిసిపోకండి.

అక్షరమో అంకో మసకబారింది

అచ్చు గుంటలో గ్రీజు, మురికి చేరింది. ముఖవిలువే. సంవత్సరం కింద టంకశాల గుర్తు లేకపోవడం అసలు లోపమే కాదు: హైదరాబాద్‌ది నక్షత్రం, ముంబైది డైమండ్, నోయిడాది చుక్క, కోల్‌కతా ఏమీ వేయదు.

ఒకవైపు సింహాలు, రెండోవైపు అవే సింహాలు అద్దంలో బొమ్మలా తిరగబడి గుంటగా

సేకర్తలు లఖీ అంటారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుపోయి, తర్వాతి బిళ్ల మీద తన బొమ్మ దించుతుంది. వైస్ అనే బిగింపు పరికరంలో రెండు నాణేలు నొక్కి చేసిన నకిలీలో గుంటబొమ్మ కింద అసలు అంకె ఆనవాలు మిగిలిపోతుంది, ఎత్తు భాగాలు చదునవుతాయి. ఆనవాలు లేకపోతేనే తెలిసినవారికి చూపండి.

10 రూపాయల నాణెం మీద గీతలు 15 లేవు, 10 ఉన్నాయి

రెండూ అసలువే. అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. మన కొట్లలో తీసుకోకపోవడం వేరే గొడవ.

ఇంటర్నెట్‌లో లక్షలిస్తామంటున్నారు

ముందు కమీషనో పన్నో కట్టమంటే మోసమే. రిజర్వు బ్యాంకు పేరు వాడినా అంతే: పాత నాణేల కొనుగోలు, అమ్మకాల్లో తన ప్రమేయం లేదని 2021 ఆగస్టులో అదే ప్రకటించింది.

దాచినది ఆకుపచ్చగా మారింది

సముద్రపు తేమ కొంత, పీవీసీ అనే ప్లాస్టిక్ కవరు కొంత. పీవీసీ లేని కవరులోకి మార్చి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. చింతపండుతో మాత్రం తోమకండి. మెరుపొస్తుంది, కొనేవాడు పోతాడు.