ట్రావెల్ ట్రైలర్ టైర్లకి నైట్రోజన్ అవసరమా?

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లులాంటిది) కొనుక్కుని క్యాంపింగ్‌కి వెళ్ళే మనవాళ్ళకి ఒక మాట. టైర్ షాపులో డబ్బు తీసుకుని నైట్రోజన్ నింపుతామంటే వెంటనే ఒప్పుకోకండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఊరికే నింపితే నింపించుకోండి, అందులో తేమ ఉండదు, ప్రెషర్ కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, అంతే. చలికి మాత్రం అదీ గాలిలాగే తగ్గుతుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 65 పీఎస్‌ఐ (టైరులో ఒత్తిడి కొలత) పెట్టిన టైరు 40 డిగ్రీల చలిలో దాదాపు 60కి దిగిపోతుంది, లోపల ఏది ఉన్నా సరే.

మా టైర్లకి నైట్రోజన్ నింపారనడానికి గుర్తుగా ఆకుపచ్చ క్యాపులు ఉన్నాయి కదా అనే ధైర్యంతో నెలల తరబడి గేజ్ పెట్టి చూడలేదు. ఒకరోజు బయల్దేరే ముందు చూస్తే ఒక టైరు 48 చూపించింది! ట్రైలర్ టైర్లు పేలేది ఎక్కువగా ఇలా గాలి తక్కువై, బరువుకి వేడెక్కే. అప్పుడు నైట్రోజన్ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, పెట్రోల్ బంకులో మామూలు గాలే కొట్టించండి, రెండూ కలిసినా ఏమీ కాదు.

పొద్దున్నే, ఎండ పడకముందు, బండి కదలకముందు చూడండి. ఎండవైపు టైరు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయకండి. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు కూడా చూడండి, టైరు ఎప్పుడు తయారైందో అవి చెబుతాయి, 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాతవైతే గాలి సంగతి తర్వాత, ముందు టైర్లు మార్చండి.