వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కొనేముందు: ఎక్కించిన పేర్లు తిరిగి బయటికొస్తాయో లేదో చూసుకోవడం ఎలా?

నాలుగేళ్ల కింద మా పెద్దబాపు దగ్గరున్న నోట్‌బుక్ పట్టుకొచ్చి మా ఇంటోళ్ల పేర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఐదు తరాలు, రెండొందల పైచిలుకు మంది. దసరా సెలవులన్నీ దానికే పోయాయి. ఏడాది తిరక్కుండానే సాఫ్ట్‌వేర్ మార్చాల్సొచ్చింది. ఎక్స్‌పోర్ట్ కొట్టి, వచ్చిన ఫైల్‌ను కొత్తదాంట్లో తెరిస్తే పేర్లుండాల్సిన చోట వరసబెట్టి ప్రశ్న గుర్తులు. పక్కన కూర్చున్న పెద్దబాపు కళ్లజోడు సర్దుకుని, "ఏందిరా, మనోళ్లంతా ప్రశ్న గుర్తులైండ్రు?" అన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ ప్రకటనలో "జెడ్‌కామ్ సపోర్ట్ ఉంది" అనే రాశారు. అబద్ధమేం కాదు. కానీ ఆ ఒక్క మాట నమ్ముకుని మన ఇంటి పేర్లు అప్పగించకూడదని అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ చేతికొచ్చినా ముందు ఒక పూట పరీక్ష పెడతాను. అది ఎలాగో చెప్తాను.

ముందు జెడ్‌కామ్ సంగతి

ఒక వంశవృక్షం సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి సమాచారం పోవాలంటే రెండింటికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. ఆ భాషే జెడ్‌కామ్. అమెరికాలోని మోర్మన్ చర్చి వాళ్లు 1984లో మొదలుపెట్టారు. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు వాడేది 5.5.1 వెర్షన్. 1999లో ముసాయిదాగా వచ్చింది, అధికారిక ప్రమాణమని ప్రకటించింది మాత్రం 2019లో. ఇరవై ఏళ్లు ముసాయిదాగానే నడిస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకోరా మరి? 2021లో 7.0 వచ్చింది. పాత 5.5.1 మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్‌కు 7.0 ఫైల్ ఇస్తే సరిగ్గా చదవలేదు. రెండింటి ఫైల్ పేరూ చివర ఒకేలా ఉంటుంది కాబట్టి పైకి చూస్తే తేడా తెలియదు. "జెడ్‌కామ్ ఉందా" అని కాదు, "ఏ వెర్షన్ చదువుతుంది, ఏ వెర్షన్ రాస్తుంది" అని అడగాలి.

పన్నెండు మందితో ఒక ఇల్లు కట్టండి

అసలు కుటుంబంతో పరీక్ష పెట్టొద్దు. బతికున్నవాళ్ల వివరాలు తెలియని సర్వర్ల మీదికి ఎక్కుతాయి, పైగా రెండొందల మందిలో తప్పు దొరకదు. ఊహించిన చిన్న కుటుంబం చాలు, కానీ మన ఇళ్లలో ఉండే చిక్కులన్నీ అందులో ఉండాలి. నేను వాడేది ఇది.

రాజయ్య, లచ్చమ్మ దంపతులు. వాళ్లకు ఎల్లమ్మ, సారయ్య, మల్లయ్య, ఐలయ్య అని నలుగురు. ఎల్లమ్మకు పెళ్లయి ఒక బిడ్డ. ఆ బిడ్డను మేనమామ ఐలయ్యకే ఇచ్చారు. సారయ్య మొదటి భార్య చనిపోతే రెండో పెళ్లి చేసుకున్నాడు. పిల్లల్లేరు. తమ్ముడు మల్లయ్య కొడుకును దత్తత తీసుకున్నాడు. ఆ పిల్లాడికి తాత పేరే, రాజయ్య. మొత్తం 12 మంది, 6 జంటలు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి.

నలుగురు పిల్లలకూ పుట్టిన తేదీలు వేయకండి. ఎందుకో తర్వాత చెప్తాను. రాజయ్యకు పుట్టిన ఊరు హసన్‌పర్తి అని, ఒక ఫొటో, తెలుగులో పది లైన్ల నోట్ పెట్టండి.

ఎక్స్‌పోర్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అక్షరాల పద్ధతి అడిగితే యూటీఎఫ్-8 ఎంచుకోండి, తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి అది. "బతికున్నవాళ్ల వివరాలు దాచు" అనే టిక్ ఉంటే పరీక్ష వరకు తీసేయండి. లేకపోతే సగం మంది మాయమై అనవసరంగా టెన్షన్ పడతారు.

వచ్చిన ఫైల్‌ను ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కాదు, ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. జెడ్‌కామ్ మామూలు అక్షరాల ఫైలే. ప్రతి లైన్ ముందు 0, 1, 2 అంటూ ఒక అంకె, తర్వాత పొట్టి ఇంగ్లిష్ ట్యాగ్, తర్వాత విషయం. సున్నాతో మొదలయ్యే లైన్ దగ్గర కొత్త మనిషో కొత్త జంటో మొదలవుతుంది. పది నిమిషాలు చూస్తే అలవాటవుతుంది.

తెలుగు పేర్లు తెలుగులోనే కనిపిస్తే మొదటి గండం గడిచినట్టే. కనిపించకపోతే ఏం కనిపిస్తోందో జాగ్రత్తగా చూడండి. ప్రశ్న గుర్తులే ఉంటే ఆ అక్షరాలు ఇక రావు. తెలుగు లేని పాత అక్షరాల పట్టికతో సాఫ్ట్‌వేర్ ఫైల్ రాసింది, పట్టికలో దొరకని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్న గుర్తు పెట్టేసింది. మా ఇంటోళ్లకు జరిగింది ఇదే. అలా కాక, నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇదే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తే భయపడక్కర్లేదు. అక్షరాలు లోపల క్షేమంగానే ఉన్నాయి, చదివేవాడు తప్పు పట్టికతో చదువుతున్నాడంతే. యూటీఎఫ్-8గా తెరిస్తే మళ్లీ తెలుగు వస్తుంది.

ఊరి పేరు కూడా చూడండి. "హసన్‌పర్తి" అని రాసినప్పుడు న్ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లును ప నుంచి విడదీసేది అదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. అప్పుడు "హసన్పర్తి" అవుతుంది. చూడ్డానికి చిన్న తేడానే కానీ వెతికితే ఊరు దొరకదు, జాబితాలో ఒక్క ఊరు రెండూళ్లవుతుంది.

తర్వాత పది లైన్ల నోట్. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు (కంప్యూటర్‌లో చోటును కొలిచే కొలత) పడతాయి. "రాజు" అంటే ర, దీర్ఘం, జ, కొమ్ము, మొత్తం 12 బైట్లు. 5.5.1లో ఒక లైన్ 255 అక్షరాలు దాటకూడదు. దాటితే ముక్క చేసి కొనసాగింపు ట్యాగ్‌తో కింది లైన్‌లో రాయాలి. అక్షరాలకు బదులు బైట్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కు 85 గుర్తులకే లైన్ నిండిపోతుంది, కత్తి ఒక్కోసారి గుర్తు మధ్యలోనే పడుతుంది. అక్కడ నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం ఒక్క బైటే కాబట్టి ఈ తప్పు వాళ్ల కంట్లో పడదు. అందుకే ఇంగ్లిష్ రివ్యూల్లో ఐదు నక్షత్రాలు చూసి మోసపోవద్దంటాను.

ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించండి

రెండో సాఫ్ట్‌వేర్‌గా నేను గ్రాంప్స్ వాడతాను. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇంపోర్ట్ అవగానే అర్థంకాని లైన్లు ఏవో నివేదిక చూపిస్తుంది. ఆ నివేదిక చదవకుండా మూసేయకండి.

మొదట లెక్క చూడండి. 12 మంది, 6 జంటలు ఉన్నారా? 11 మందే ఉంటే తాత రాజయ్యనూ మనవడు రాజయ్యనూ ఒక్కరే అనుకుని కలిపేసిందన్నమాట. మనిషిని అడగకుండా కలిపే సాఫ్ట్‌వేర్ మన ఇళ్లకు పనికిరాదు, ఇక్కడ ప్రతి రెండో ఇంట్లో తాత పేరే మనవడికి. మేనరికం ఫైల్‌లో ఇబ్బంది పెట్టదు. ఐలయ్య భార్య ఒక జంటకు బిడ్డ, ఇంకో జంటలో భార్య, అంతే. దత్తత దగ్గర మాత్రం చూడాలి. దత్తత అన్న మాట పోతే పిల్లాడికి ఇద్దరు కన్నతండ్రులు తయారవుతారు.

ఇప్పుడు తేదీలు వేయొద్దన్న సంగతి. మనకు తండ్రి అన్న పెద్దబాపు, తమ్ముడు కాక. ఎవరు ముందు పుట్టారో తెలియకపోతే వరసే తప్పుతుంది. పాత తరాల్లో పుట్టిన తేదీలు ఎవరు రాసిపెట్టారు? "పెద్దోడు, నడిపోడు, చిన్నోడు" అన్న వరుసే సాక్ష్యం. ఫైల్‌లో జంట కింద పిల్లల్ని పుట్టిన క్రమంలో రాయాలనే ప్రమాణం చెప్తుంది. తేదీ లేదని అక్షరక్రమంలో పేర్చే సాఫ్ట్‌వేర్ చేతిలో ఐలయ్య, మల్లయ్య, సారయ్య అని తలకిందులవుతుంది. నేను ఆ పేర్లే పెట్టింది అందుకే. అమెరికాలో ఇద్దరూ "అంకుల్" కాబట్టి వాళ్లకిది పట్టదు, మనకు చిన్నోడు పెద్దబాపు అవుతాడు.

పేర్లు కూడా చూడండి. జెడ్‌కామ్‌లో ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య రాస్తారు, అది ముందున్నా తప్పు కాదు. కానీ "చింతల రాజయ్య"ను "రాజయ్య చింతల" చేసి పంపే సాఫ్ట్‌వేర్లు బోలెడు. తెర మీద పేరు కనిపించే వరసను మార్చుకునే సెట్టింగ్ ఉంటే సరిపెట్టుకోవచ్చు. గోత్రం సంగతి వేరు. విచిత్రం ఏంటంటే కులానికి ప్రమాణంలోనే ట్యాగ్ ఉంది, గోత్రానికి లేదు. "ఇతర వివరం" కింద గోత్రం అని పేరు పెట్టి రాస్తే ఎక్కడికైనా పోతుంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే సొంత ట్యాగ్‌లో రాస్తే అది ఆ సాఫ్ట్‌వేర్‌కే అర్థమవుతుంది.

తేదీలు, ఊళ్లు, ఫొటోలు

"రజాకార్ల లొల్లి నాటికి నడక నేర్చిండు" అని పెద్దలు చెప్తే మనం సుమారు 1947 అని వేస్తాం. ఆ మాటను కూడా తేదీతోపాటే రాసుకునే వీలు జెడ్‌కామ్‌లో ఉంది. 5.5.1లో బ్రాకెట్లలో, 7.0లో తేదీ కింద వేరే లైన్‌లో. అటు పోయాక ఆ మాట మిగిలిందా, ఉత్త 1947 మిగిలిందా చూడండి. పహాణీలు (పాత భూమి రికార్డులు) చూసి రాసేవాళ్లకు ఇంకో ముచ్చట: వాటిల్లో ఉండే ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క, జెడ్‌కామ్‌కు తెలియదు. ఫసలీ 1357ను అట్లాగే తేదీ గడిలో కొడితే ముత్తాత కాకతీయ రాజ్యం కూలిన 34 ఏళ్లకు పుట్టినట్టవుతుంది. 590 కలిపి 1947-48 అని రాసి, ఫసలీ అంకెను నోట్‌లో పెట్టండి.

హసన్‌పర్తి ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో వరంగల్ జిల్లా, 2016లో వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ జిల్లా. పుట్టిననాటి జిల్లానే రాస్తే, కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ ఊళ్ల జాబితాతో పోల్చి మనల్ని "దిద్దుతాయి". ఆ సదుపాయం ఆపేయండి, ఆపే వీలు లేకపోతే మార్కులు కొట్టేయండి.

5.5.1 ఫైల్‌లో ఫొటో ఉండదు, కంప్యూటర్‌లో అది ఎక్కడుందో ఆ దారి మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ కూడా పంపాలి. 7.0లో ఫైల్‌నూ ఫొటోలనూ కలిపి ఒకే మూటగా కట్టే జెడ్‌జిప్ వచ్చింది.

తప్పు ఎవరిది?

రెండోదాంట్లో ఏదైనా కనిపించకపోతే మళ్లీ నోట్‌ప్యాడ్‌కే రండి. ఫైల్‌లో ఉంటే తప్పు చదివినదానిది, లేకపోతే రాసినదానిది. తర్వాత రెండోదాని నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి మొదటిదాంట్లో ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించండి. రెండు ఫైళ్లనూ విన్‌మెర్జ్ లాంటి ఉచిత సాధనంతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. లైన్ల క్రమం మారినంత మాత్రాన కంగారు వద్దు.

నా లెక్కలో "ఈ నాలుగు లైన్లు నాకు అర్థంకాలేదు" అని చెప్పి వదిలేసేది ఫర్వాలేదు, వాటిని చేత్తో ఎక్కించుకుంటాను. చెప్పకుండా వదిలేసేది ఎంత అందంగా చెట్టు గీసినా వద్దు. ట్రయల్ వెర్షన్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ పనిచేయకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి ఒక నమూనా ఫైల్ అడగండి. ఇవ్వకపోతే డబ్బు కట్టకండి. కట్టాక కూడా ఆ పన్నెండు మంది ఫైల్ పడేయకండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా వాళ్లనే ఒకసారి అటు పంపి ఇటు రప్పిస్తాను, పావుగంట పని.