ల్యాప్‌టాప్ సొంత వైద్యం, 4వ పాఠం: వైఫై కలిసింది, నెట్ రాలేదు

గత పాఠంలో వైఫై జాబితాలో మన నెట్‌వర్క్ పేరే కనిపించని సందర్భాన్ని చూశాము. ఈసారి పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిపోతుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, అయినా ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. పేరు కింద ‘నో ఇంటర్నెట్’ అన్న మాట మాత్రం కనిపిస్తుంది. ఒకే రౌటరును పదిమంది పంచుకునే హాస్టళ్లలోనూ, అద్దె గదులలోనూ ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే కనుక ఈ పాఠమంతా దీనికే కేటాయిస్తున్నాను.

‘కనెక్టెడ్’ అంటే ల్యాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య రేడియో సంబంధం కుదిరిందని మాత్రమే అర్థం. ఇక నెట్ ఉన్నదీ లేనిదీ విండోస్ ఎలా తేల్చుకుంటుందంటే, నెట్‌వర్క్‌లో చేరిన వెంటనే మైక్రోసాఫ్ట్ సర్వరు నుంచి ఒక చిన్న ఫైలును తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ఫైలులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే మూడు మాటలు తప్ప మరేమీ ఉండవు. అవి ఉన్నవి ఉన్నట్టు చేరితే నెట్ ఉన్నట్టు, చేరకపోతే లేనట్టు. లోపం ల్యాప్‌టాప్‌లో ఉందా, రౌటరులో ఉందా, రౌటరుకు వచ్చే కేబులులో ఉందా అన్నది ఆ సందేశం చెప్పదు. చాలామంది ఇక్కడే తొందరపడి ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కేస్తారు. దానివల్ల లోపం తెలియకపోగా, దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ మళ్లీ కొట్టుకోవలసి వస్తుంది.

కాబట్టి ముందు అదే వైఫైలో మీ ఫోనుకు నెట్ వస్తోందో లేదో చూడండి. చూసే ముందు ఫోనులో మొబైల్ డేటాను తప్పనిసరిగా ఆపండి. ఆపకపోతే, వైఫైలో నెట్ లేదని గ్రహించిన ఫోను చడీచప్పుడు లేకుండా డేటాకు మారిపోతుంది, ‘నా ఫోనులో వస్తోంది కదా’ అన్న సాక్ష్యం చెల్లకుండా పోతుంది. ఫోనుకు కూడా రాకపోతే ల్యాప్‌టాప్‌ను ముట్టుకోనక్కరలేదు. రౌటరు యజమానికి చెప్పండి.

ఫోనుకు వచ్చి ల్యాప్‌టాప్‌కు రాకపోతే టైపు చేసిన ఆదేశాలను నడిపే కమాండ్ ప్రాంప్ట్ అనే కిటికీని తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. తెర మీద చాలా వరుసలు వస్తాయి గాని, వైఫై శీర్షిక కింద మనకు కావలసినవి రెండే: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే. మొదటిది ఆ నెట్‌వర్క్‌లో మీ ల్యాప్‌టాప్ అడ్రసు, రెండవది బయటికి దారి చూపే రౌటరు అడ్రసు.

అడ్రసు 169.254తో మొదలై, ముందు ‘ఆటోకాన్ఫిగరేషన్’ అన్న మాట కూడా ఉండి, గేట్‌వే ఎదురుగా ఖాళీ ఉంటే సగం రోగం తెలిసిపోయినట్టే. మామూలుగా నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి పరికరమూ ‘నాకొక అడ్రసు ఇవ్వండి’ అని కేక వేస్తుంది. రౌటరులోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు తన దగ్గరున్న అడ్రసులలో ఒకదానిని కొంత గడువుకు ఇస్తుంది. ఆ గడువునే లీజు అంటారు. ఎంతసేపు అడిగినా జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రసు ఒకటి పెట్టుకుంటుంది. ఆ అడ్రసుతో ఇంటర్నెట్‌కు పోవడం సాధ్యం కాదు.

హైదరాబాదులో, అమీర్‌పేటలోని ఒక హాస్టల్లో ఉంటున్న మా బంధువుల అబ్బాయి ఒకసారి ఫోను చేసి, ‘మామయ్యా, ముందుగా తెరిచినవాళ్లకు బాగానే వస్తుంది, నేను రాత్రి ఎనిమిది దాటాక తెరిస్తే మాత్రం నెట్ రాదు’ అన్నాడు. ఐపీకాన్ఫిగ్ చూడమంటే 169.254 అని చదివాడు. హాస్టల్లో 36 మంది ఉన్నారు. ఫోనూ ల్యాప్‌టాపూ కలిపి మనిషికి రెండు పరికరాలు, మొత్తం 72. రౌటరు సెట్టింగుల పేజీ తెరిపించి చూస్తే అది పంచే అడ్రసులు 192.168.0.100 నుంచి 192.168.0.149 వరకే, అంటే 50. లీజు 24 గంటలు. పొద్దున్నే ఊరికి వెళ్లిపోయినవాడి ఫోను కూడా మరునాటి వరకు ఒక అడ్రసును పట్టుకునే ఉంటుంది. సాయంత్రం అందరూ గదులకు చేరాక, ఆలస్యంగా ల్యాప్‌టాప్ తెరిచినవాడికి అడ్రసు మిగలదు. యజమాని చివరి సంఖ్యను 249కి పెంచి, లీజును రెండు గంటలకు తగ్గించాడు. అబ్బాయి ల్యాప్‌టాప్‌లో మార్చినది ఒక్కటీ లేదు.

అడ్రసులు మిగిలి ఉండి కూడా 169.254 వస్తే, ఐపీకాన్ఫిగ్ అన్న మాట తరువాత ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి రిలీజ్ అనీ (ipconfig /release), మళ్లీ అలాగే రెన్యూ అనీ (ipconfig /renew) కొట్టండి. ల్యాప్‌టాప్ అడ్రసును కొత్తగా అడుగుతుంది. ఖాళీగా ఉందనిపించిన సంఖ్యను మీ చేత్తో నింపుకోవాలన్న ఆలోచన మాత్రం వద్దు. అదే సంఖ్యను రౌటరు మరొకరికి ఇస్తే ఇద్దరికీ నెట్ ఆగి ఆగి వస్తుంది, కారణం ఇద్దరికీ తెలియదు.

అడ్రసు 169.254 కాకపోయినా రౌటరుతో పొసగకపోవచ్చు. వెనుకటి గదిలో ఎవరో చేత్తో పెట్టిన 192.168.0.50 అలాగే ఉండిపోయి, కొత్త గదిలో రౌటరు 192.168.1.1 అయితే, మూడవ సంఖ్య వేరు కనుక రెండింటికీ మాటలు కలవవు. సెట్టింగ్స్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి, ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి, అంతే.

అడ్రసూ గేట్‌వే రెండూ సరిగ్గా ఉన్నాయనుకోండి. అవతలి పరికరం జవాబిస్తోందో లేదో చూసే ఆదేశం పింగ్ (ping). అది కొట్టి, ఖాళీ వదిలి గేట్‌వే సంఖ్య ఇవ్వండి. తరువాత అలాగే 8.8.8.8 ఇవ్వండి. ఈ రెండవది గూగుల్ నడిపే ఒక బహిరంగ సర్వరు. గేట్‌వే పలికి 8.8.8.8 పలకకపోతే ఆటంకం రౌటరుకు అవతల ఉండవచ్చు, లేదా ఆ నెట్‌వర్క్ అడిగే లాగిన్ పేజీని మీరు ఇంకా పూర్తి చేసి ఉండకపోవచ్చు. యజమాని అనుమతించిన పరికరాల జాబితా పెట్టి, మీ విండోస్‌లో ‘రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్’ (ల్యాప్‌టాప్ వైఫై గుర్తింపు సంఖ్యను మార్చి చెప్పే సదుపాయం) ఆన్‌లో ఉన్నా ఇలా జరగవచ్చు, ఎందుకంటే జాబితాలో రాసిన సంఖ్య ఒకటి, మీ ల్యాప్‌టాప్ చెప్పేది మరొకటి. కొన్ని రౌటర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు కనుక, గేట్‌వే పలకలేదన్న ఒక్క కారణంతో అది చెడిపోయిందని అనుకోకండి.

రెండూ పలికి కూడా వెబ్‌సైటు పేరు కొడితే పేజీ రాకపోతే, తప్పు పేరును సంఖ్యగా మార్చే డీఎన్ఎస్‌లోనో, ఎప్పుడో పెట్టి మరచిపోయిన ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు) సెట్టింగులోనో సాధారణంగా ఉంటుంది. అది వచ్చే పాఠం. ఈలోగా నెట్ బాగా పనిచేస్తున్న రోజున ఒకసారి ఐపీకాన్ఫిగ్ నడిపి, ఆ రెండు సంఖ్యలను నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.