హైదరాబాద్‌లో మెట్రో, బస్సు, ఎంఎంటీఎస్ దారిలో ఆగితే ఏం చేయాలి

హైదరాబాద్‌లో నిత్యం ప్రయాణించేవారు ఆలస్యాన్ని పూర్తిగా తప్పించుకోలేరు కానీ, ఒక వాహనం ఆగితే మరొకదాన్ని ఎక్కడ అందుకోవచ్చో ముందే తెలుసుకోవాలి. మియాపూర్–ఎల్బీ నగర్ మెట్రో మార్గంలో భరత్‌నగర్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి స్టేషన్ల నుంచీ, నాగోల్–రాయదుర్గం మార్గంలో బేగంపేట నుంచీ ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైళ్ల) స్టేషన్‌కు నడిచి వెళ్లవచ్చు. అయితే ఎంఎంటీఎస్ రైళ్లు ఎక్స్‌ప్రెస్, గూడ్స్ రైళ్లు తిరిగే పట్టాల మీదే నడుస్తాయి కాబట్టి, తర్వాతి రైలు ఎప్పుడో చూసుకున్నాకే మెట్రో దిగడం మంచిది.

మెట్రోలో ఒక్కో దిశకు ఒకే పట్టా ఉన్నందువల్ల ముందు రైలు ఆగితే వెనుకవన్నీ నిలుస్తాయి. మూసుకుంటున్న తలుపుకు ఎవరో అడ్డుపడినా రైలు కదలదు. దయచేసి ఆ పని చేయకండి. రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగితే ప్రకటన వినండి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తలుపు పక్కనున్న బటన్ నొక్కి డ్రైవర్‌తో మాట్లాడండి. సొంతంగా తలుపు తెరిచి కిందికి దిగడం ప్రాణాంతకం. ఫోన్ పట్టాల మీద పడినా సిబ్బందికే చెప్పాలి.

బస్సు చెడిపోతే టికెట్ పారేయకుండా కండక్టర్ దగ్గరే ఉండండి. అదే టికెట్‌తో వెనుక వచ్చే బస్సులోకి ఎక్కించమని అడగండి. మహిళలు ఒక్క విషయం గమనించాలి: 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత ప్రయాణం నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది, డీలక్స్ ఎక్కితే ఛార్జీ చెల్లించాలి.

వానాకాలంలో అన్నిటికన్నా ఎక్కువగా సతాయించేది మలక్‌పేట రైల్వే వంతెన కింద నిలిచే నీరు. కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేవారు, ఆకాశం ముసురుకుందని తెలియగానే, బస్సు కోసం చూడకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కడం మేలు. పైనుంచి వెళ్లే ఆ దారికి కింది నీటితో పని లేదు. మూసీ పొంగుతోందన్న వార్త వస్తే ఆ నది మీది తక్కువ ఎత్తు వంతెనల దారిని పూర్తిగా మానుకోవాలి.

సామాను మరిచిపోతే ఆలస్యం చేయకండి. బస్సులో అయితే టికెట్ మీది వివరాలు చూసి డిపోను సంప్రదించండి. మెట్రోలో అయితే రైలు ఏ దిశగా వెళ్లిందో, ఏ పెట్టెలో ఎక్కారో, ఎన్ని గంటలకు దిగారో స్టేషన్ సిబ్బందికి చెప్పండి. ఎంఎంటీఎస్ అయితే 139కు ఫోన్ చేయండి.