సాలీడు, పాము, ఏనుగు: శ్రీకాళహస్తి కథను పిలకాయల చేత ఆడించడం ఎలా?

శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివలింగాన్ని తమ తమ తీరులో కొలిచి, ఆ భక్తిలోనే ప్రాణాలు విడిచి మోక్షం పొందాయని కథ. మూడు జీవాలు, మూడు నడకలు, మూడు రకాల పూజ. తిరుపతి చుట్టుపక్కల పిలకాయలకు అంతో ఇంతో తెలిసిన కథ కాబట్టి మొదట్నుంచీ చెప్పుకు రావాల్సిన పని లేదు. అసలు ముందుగా కథ చెప్పనే వద్దు. పెద్దవాళ్లు పావుగంట చెప్పేసరికి పిల్లల ఒళ్లు బద్ధకిస్తుంది, తర్వాత ఎంత లేపినా లేవదు. ముందు ఒంటితో ఆడాలి, మాటలు చివర్న రావాలి.

5 నుంచి 10 ఏళ్ల పిల్లలు 8 మంది, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, 45 నిమిషాలు చాలు. 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటు కావాలి. మిద్దె మీదైతే సందకాడ ఆరున్నర దాటాక మొదలుపెట్టండి. ఎండాకాలం గచ్చు అప్పటికీ సెగ కక్కుతూనే ఉంటుంది. అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టండి, ఓర్చుకోలేకపోతే ఆ పూట హాల్లోనే ఆడుకోవడం మేలు. నీళ్లు చల్లేదుంటే 5 గంటలకే చల్లేయాలి, లేకపోతే తడి ఆరక జారుతుంది. చాపలు, దుప్పట్లు పరచకండి, కాళ్ల కింద అవీ జరుగుతాయి. అందరూ ఒట్టికాళ్లతోనే ఆడాలి.

సామాన్లు కొంచెమే: అర అంగుళం వెడల్పు ఎలాస్టిక్ 6 మీటర్లు, గుప్పెడు గులకరాళ్లు, నాలుగు మామిడాకులు, తాళానికి ఒక స్టీలు డబ్బా, చెక్క గరిటె. ఎలాస్టిక్ కొసలు రెండూ కలిపి కుట్టేయండి. ముడి వేస్తే లాగినప్పుడు ఊడి ఎవరి ముఖానో కొడుతుంది. ఫోన్లో పాట పెట్టకండి. పాట తన దారిన తాను పోతుంది, పిల్లల కోసం ఆగదు. డబ్బా అయితే ఆగుతుంది.

మోకాళ్ల నొప్పుల తాతనో, అవ్వనో నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టండి. వాళ్లే లింగం. నడుమ తిరగడానికి ఒకటి ఉంటే పిల్లలు ఒకరినొకరు గుద్దుకోరు.

మొదటి 5 నిమిషాలు దీపం. కాళహస్తిలో ఉన్నది వాయులింగం, గర్భగుడిలో దీపం గాలికి రెపరెపలాడుతుందని చెబుతారు. పిల్లలు నిలబడి ముందు వేళ్లు, తర్వాత మణికట్లు, భుజాలు, చివరికి నడుము వరకు ఆ రెపరెప తీసుకురావాలి. డబ్బా మీద ఒక్క దెబ్బ పడితే ఎక్కడివాళ్లు అక్కడే బొమ్మ. ఈ ఆపడం ఒంటపట్టేదాకా ముందుకు పోకండి. తర్వాతి ఆటంతా దీనిమీదే నడుస్తుంది.

ఇప్పుడు నడకలు. సాలీడుకు ఎనిమిది కాళ్లు కదా, ఇద్దరు పిల్లలు వీపూ వీపూ ఆనించి నిలబడితే కాళ్లూ చేతులూ కలిపి సరిగ్గా ఎనిమిది. త-క-త-కి-ట అని వేగంగా వాయిస్తే చిన్న చిన్న అడుగులతో పక్కకి నడవాలి. పాముకు నేల మీద పాకించకండి, గచ్చుకు మోచేతులు గీరుకుంటాయి. నిలబడే నడుము, పక్కటెముకలు, భుజాలు, తల ఒకదాని వెంట ఒకటి ఊగాలి. దానికి తాళం వద్దు, బుస చాలు.

ఎక్కువ తప్పులు ఏనుగు దగ్గరే జరుగుతాయి. పిల్లలు నడుము వంచి తల వేలాడదీసి చేయి ఊపుతారు, నాలుగు అడుగులకే కళ్లు తిరుగుతాయి. మోకాళ్లు రవంత వంచి, వీపు నిటారుగా ఉంచి, చూపు ఎదురుగా పెట్టమనండి. తొండం మోచేతి నుంచి కాదు, భుజం నుంచి ఊగాలి. త... క... ధి... మి... అని నాలుగు దెబ్బలకు ఒకే అడుగు. పాదం పూర్తిగా ఆనాకే రెండోది లేవాలి. బరువు కనిపించేది అప్పుడే. అందరూ ఏనుగే అవుతామంటారు. అందుకే మూడు నడకలూ అందరి చేతా నడిపించాకే పాత్రలు పంచండి.

కాళహస్తి కలంకారీ గుడ్డ మీద కథను గళ్లుగళ్లుగా గీస్తారే, అదే పద్ధతిలో దీన్ని అయిదు బొమ్మలు చేయండి: సాలీడు గూడు అల్లడం, దీపం సెగకు గూడు కాలిపోవడం, పాము మణులు పెట్టడం, ఏనుగు వాటిని తోసేసి నీళ్లు పోసి ఆకులు పెట్టడం, చివరికి పాము తొండంలో దూరడం. ఒక్కో గడికీ ముందు కదలని బొమ్మ కట్టించండి. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు పోయే దారే నాట్యం, దానికి 16 దెబ్బలు. ఆ దారిలో ఎలా కదలాలో పిల్లలకే వదిలేయండి.

గూడుకు ఎనిమిది మందీ ఎలాస్టిక్‌ను నడుము ఎత్తులో పట్టుకుని లింగం చుట్టూ గుండ్రంగా నిలబడాలి. ఒకరిని విడిచి ఒకరు రెండడుగులు లోపలికి వస్తే నాలుగు కొసల గూడు తయారు. బిగుతుగా ఉన్నప్పుడు ఎవరూ చెయ్యి వదలకూడదు. కాలిపోయేటప్పుడు అందరూ మెల్లగా దగ్గరికొచ్చి, వదులయ్యాక కింద పెట్టేయాలి.

చివరి గడి దగ్గర చిన్నపిల్లలు బెదరొచ్చు. పాము ఆడే పిల్ల ఏనుగు చేతిని తాకకుండా, జానెడు దూరంలో చుట్టుకుంటూ పోవాలి. చనిపోవడమంటే దభీమని పడిపోవడం కాదు. ఎనిమిది దెబ్బల్లో మోకాళ్లు, తుంటి, భుజం, అన్నిటికన్నా చివర్న తల నేలకు ఆనాలి. మూడు దెబ్బల మౌనం తర్వాత మూడు జీవాలూ లేచి లింగాన్ని చుట్టి వస్తాయి. ఈ మోక్షం ముగింపు మానేయకండి, మానేస్తే పిల్లలు మనసు బరువుతో ఇంటికి పోతారు.

సిగ్గుపడి మూల నిలబడే పిల్లల్ని లాగకండి. డబ్బా చేతికివ్వండి, లేదా నుదుట గంధం బొట్టు పెట్టి ఆకులు అందించే పని చెప్పండి. గంగమ్మ జాతరలో వేషం కట్టడానికి ముఖానికి రంగు పడగానే పిలకాయల నడకే మారిపోవడం తిరుపతిలో చూస్తూనే ఉంటాం. ఆ వేషాలు మొక్కు కాబట్టి వాటినే ఆటకు తెచ్చుకోవద్దు, బొట్టు చాలు.

ఆఖరి 10 నిమిషాలు అందరూ కూర్చున్నాక పిల్లల చేతే కథ చెప్పించండి, గడికి ఒకరు, ఒక్కో వాక్యం. మాట తడబడితే పక్కనున్నవాళ్లు ఆ గడి బొమ్మ కట్టి చూపించాలి, పెద్దవాళ్లు మాట అందించకూడదు.