వార్తల కింద చర్చలో వ్యాఖ్య రాయడం: సమస్య - కారణం - పరిష్కారం

వార్త చదివి అభిప్రాయం రాయడం కొత్తగా మొదలుపెట్టినవారికి ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు అందరికీ ఒకే తీరులో వస్తాయి. ఎవరికి జవాబిస్తున్నామో వారొక్కరే చదువుతారనుకుని రాయడమే వాటిలో చాలావాటికి మూలం. 2016 జులైలో అమెరికా ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వెబ్‌సైటును దాదాపు 3.3 కోట్ల మంది చూడగా, అక్కడ వచ్చిన 4,91,000 వ్యాఖ్యలనూ రాసినవారు 19,400 మంది మాత్రమే. ఏమీ రాయకుండా చదివి వెళ్లిపోయే ఆ మిగతావారిని దృష్టిలో పెట్టుకుంటే కింది పరిష్కారాలు సులభంగా అర్థమవుతాయి.

సమస్య: పంపిన వ్యాఖ్య కనిపించడం లేదు

కారణం: చాలా వార్తాసంస్థలు వ్యాఖ్యలను ముందుగా పరిశీలించిన తరువాతే ప్రచురిస్తాయి. ఆ పరిశీలనలో మొదటి వడపోత తరచుగా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. గూగుల్‌కు అనుబంధమైన జిగ్‌సా 2017లో విడుదల చేసిన పర్‌స్పెక్టివ్ అనే సాధనం, ఒక వ్యాఖ్యను చదివినవారు దాన్ని దురుసుగా భావించే అవకాశం ఎంత ఉందో 0 నుంచి 1 మధ్య ఒక విలువగా చెప్పేలా రూపొందింది. ఇటువంటి సాధనాలు మాటల పోలికను బట్టి అంచనా వేస్తాయి కాబట్టి, ఎవరో వాడిన తిట్టును ఖండించడానికి యథాతథంగా ఉటంకించినా మన వ్యాఖ్యే ఆగిపోవచ్చు. లింకులు ఉన్న వ్యాఖ్యలను ప్రకటనలుగా అనుమానించి పక్కన పెట్టడం కూడా మామూలే. మరొక కారణం చాలామందికి తట్టదు: మనం జవాబిచ్చిన మూల వ్యాఖ్యను తొలగిస్తే, దాని కింద ఉన్న జవాబులు ఎంత మర్యాదగా ఉన్నా దానితోపాటే పోవచ్చు.

పరిష్కారం: వెంటనే మళ్లీ పంపకండి. ఒకే పాఠం రెండుమూడు సార్లు వస్తే స్పామ్‌గా లెక్కకట్టే ప్రమాదం ఉంది. కొంత వ్యవధి ఇచ్చి, ఆ వార్తపై చర్చ ఇంకా తెరిచి ఉందో లేదో చూసి, లింకుకు బదులు ఆధారం పేరును మాటల్లో రాసి, 'మీరు', 'మీలాంటివారు' అని ఎదుటివారిని ఉద్దేశించిన వాక్యాలను విషయాన్ని ఉద్దేశించే వాక్యాలుగా మార్చి పంపండి. అప్పటికీ రాకపోతే సంస్థ ప్రచురించిన వ్యాఖ్యల నియమావళిని ఒకసారి చదవడం మేలు. మన అభిప్రాయం నచ్చక తొక్కిపెట్టారన్న నిర్ణయానికి రావడం చివరి మెట్టు కావాలి గానీ, అనుభవంలో అందరూ మొదట ఎక్కేది ఆ మెట్టే.

సమస్య: వ్యాఖ్య కనిపిస్తోంది, ఎవరూ స్పందించడం లేదు

కారణం: ఆలస్యంగా రాయడం ఒకటి. కొత్త వార్త రాగానే పాఠకులు అటు మళ్లుతారు, దానికి చేయగలిగింది తక్కువ. రెండవది మన చేతిలో ఉన్నదే. రోడ్డు ప్రమాదాలు పెరిగాయన్న వార్త కింద "వ్యవస్థ అంతా ఇంతే, ఎవరికీ పట్టదు" అని రాశామనుకోండి. ఆ వాక్యాన్ని విద్యుత్ వార్త కిందా, పరీక్షల వార్త కిందా అలాగే అతికించవచ్చు. దానికి జవాబివ్వడానికి ఎవరికీ పట్టు దొరకదు.

పరిష్కారం: వార్తలోని ఒక వాక్యాన్ని పట్టుకుని, ఒకే విషయం చెప్పి, వీలైతే ఒక ప్రశ్నతో ఆపండి. పై వార్త కిందనే ఇలా రాయవచ్చు: "ప్రమాదాల సంఖ్య గత ఏడాది కంటే పెరిగిందని మూడో పేరాలో ఉంది. అదే కాలంలో రోడ్ల మీదికి వచ్చిన వాహనాలు ఎన్ని పెరిగాయో చెప్పలేదు. ఆ లెక్క తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?" లెక్క తెలిసినవారు రాస్తారు, ఆ లెక్కతో పనిలేదనుకునేవారు ఎందుకో చెబుతారు, కొన్నిసార్లు విలేకరే వచ్చి వివరణ ఇస్తారు.

సమస్య: "అసలు వార్త చదివారా?" అని అడుగుతున్నారు

కారణం: శీర్షికకు జవాబు రాయడం. శీర్షికను చాలా సందర్భాల్లో విలేకరి పెట్టరు, డెస్క్‌లో వార్తలను సరిదిద్దే సబ్ ఎడిటర్ పెడతారు, అందులో మినహాయింపులకు చోటుండదు. నార్వే ప్రసార సంస్థకు చెందిన ఎన్‌ఆర్‌కే బీటా 2017లో దీనికొక విరుగుడు ప్రయత్నించింది. కొన్ని వార్తల కింద వ్యాఖ్య రాయాలంటే ముందు ఆ వార్తపైనే మూడు చిన్న ప్రశ్నలకు సరైన జవాబులు ఎంచుకోవాలి.

పరిష్కారం: ఆ ప్రశ్నలను మనమే వేసుకోవచ్చు. ఎవరు చెప్పారు, దేని ఆధారంగా చెప్పారు, ఎదుటి పక్షం ఏమంది అన్న మూడింటికి జవాబు దొరికిన తరువాత రాయండి. తేదీ చూడండి. పాత వార్త మళ్లీ చక్కర్లు కొట్టడం తరచుగా జరుగుతుంది.

సమస్య: చర్చ తగవుగా మారుతోంది

కారణం: ముఖం కనబడనిచోట, జవాబు ఆలస్యంగా వచ్చేచోట మనుషులు ఎదురుగా అనలేని మాటలు అనేస్తారు. మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో ఈ ధోరణిని వివరించారు. దానికి తోడు, "మీకు లెక్కలు తెలియవు" అన్న మాటకు జవాబు చెప్పేవారు లెక్కలను వదిలేసి తమ పరువును కాపాడుకునే పనిలో పడతారు.

పరిష్కారం: ఎదుటివారి వాదనను వారు కూడా ఒప్పుకునే మాటల్లో ఒక వాక్యంగా చెప్పి, తరువాత మీ అభ్యంతరం రాయండి. "ధర పెంచితే వాడకం తగ్గుతుందని మీరంటున్నారు. వేరే దారి లేనివారి విషయంలో అది ఎలా వర్తిస్తుంది?" అన్నదానికి తిట్టుతో బదులివ్వడం కష్టం. రెండు జవాబుల తరువాత కొత్త విషయం ఏదీ రాకపోతే అక్కడితో ఆపేయండి. చివరి మాట వారిదే అయినా నష్టం లేదు, చదివేవారికి రెండు వాదనలూ అప్పటికే అందాయి. బెదిరింపులకు మాత్రం జవాబే వద్దు. స్క్రీన్‌షాట్ తీసి, ఫిర్యాదు బటన్ నొక్కండి.

సమస్య: వార్తలోనే తప్పు ఉంది, చెబితే పట్టించుకోవడం లేదు

కారణం, పరిష్కారం రెండూ చిన్నవే. వ్యాఖ్యలను చూసే మోడరేటర్‌కు వార్తను మార్చే అధికారం సాధారణంగా ఉండదు. సవరణల కోసం సంస్థ ఇచ్చిన ఈమెయిల్‌కు తప్పు వాక్యం, సరైన సమాచారం, ఆధారం రాసి పంపండి.

సమస్య: వ్యాఖ్య పెట్టే చోటే కనబడటం లేదు

కారణం: సంస్థే దాన్ని మూసేసి ఉండవచ్చు. అమెరికా పత్రిక పాపులర్ సైన్స్ 2013లో వ్యాఖ్యలు ఆపేసింది, రాయిటర్స్ 2014లో తన వార్తల కింద వాటిని తీసేసింది, ఎన్‌పీఆర్ 2016లో అదే పని చేసింది.

పరిష్కారం: సంపాదకుడికి లేఖ. అమెరికాకు చెందిన అట్లాంటిక్ పత్రిక 2018లో వ్యాఖ్యలను తీసేసి పాఠకుల లేఖల విభాగాన్నే వాటి స్థానంలో తెచ్చింది. లేఖలో వార్త శీర్షిక, తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి. అసలు పేరు అడిగే పత్రికలే ఎక్కువ కాబట్టి దానికి సిద్ధపడి రాయండి.