ఆఫ్రికన్-అమెరికన్ స్టడీస్ లైబ్రేరియన్ కావాలంటే ఎలా?

నల్లజాతి అమెరికన్ల చరిత్ర, సాహిత్యం, రికార్డులు చూసుకునే ఈ కొలువులు ఎక్కువగా ఉన్నది అమెరికాలోనే. అక్కడ లైబ్రేరియన్ పోస్టుకు ముందు అడిగేది అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ డిగ్రీ. ఎక్కువ చోట్ల 36 క్రెడిట్లు, దాదాపు రెండేళ్లు. చాలామంది యూనివర్సిటీకి పేరుంది కదా అని చేరిపోతారు. గుర్తింపు ఉండాల్సింది ఆ కోర్సుకు. చేరేముందే అసోసియేషన్ జాబితాలో చూసుకోండి. అసోసియేషన్ 1997లో మొదలుపెట్టిన స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్‌కు ఆసియా మూలాలున్నవాళ్లూ అర్హులే కాబట్టి, అక్కడే స్థిరపడ్డ తెలుగు పిల్లలు దీన్ని వదులుకోవద్దు.

కోర్సులో ఆర్కైవ్స్ (పాత కాగితాలు, రికార్డులు భద్రపరిచే పని)తో పాటు కేటలాగింగ్, అంటే పుస్తకాల్ని అంశం వారీగా నమోదు చేసే పని, తప్పకుండా తీసుకోండి. బోరు కొడుతుందని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. కానీ ఈ రంగంలో సగం పని అదే. ఒకప్పుడు పుస్తకాలకు అంశాన్ని బట్టి నంబరిచ్చే డ్యూయీ పద్ధతి వాడే చాలా లైబ్రరీలు నల్లజాతి రచయిత కవిత్వం రాసినా సరే, తీసుకెళ్లి 325లోనో 326లోనో పడేసేవి. మొదటిది వలసల నంబరు, రెండోది బానిసత్వానిది. 1930లో హోవర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో నల్లజాతి పుస్తకాల సేకరణ బాధ్యత తీసుకున్న డొరతీ పోర్టర్ దీన్ని ఒప్పుకోక, ఏ పుస్తకాన్నైనా దాని సాహిత్య ప్రక్రియ దగ్గరే పెట్టారు. కేటలాగులో అంశాన్ని వెతకడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చే పేరు, అంటే సబ్జెక్ట్ హెడింగూ మారుతూ వచ్చింది: మొదట ‘నీగ్రోస్’, 1976 నుంచి ‘ఆఫ్రో-అమెరికన్స్’, 2000 ప్రాంతంలో ‘ఆఫ్రికన్ అమెరికన్స్’. పాత కార్డుల్లో, టైపు చేసిన జాబితాల్లో పాత మాటే ఉంటుంది. మూడు మాటలతోనూ వెతక్కుండా ‘లేదు’ అని చెప్పకండి.

రెఫరెన్స్ డెస్కు దగ్గర ఎక్కువగా వచ్చే ప్రశ్న ‘మా పూర్వీకులెవరు?’ అన్నదే. 1870 సెన్సస్ నుంచి వెనక్కి వెళ్లడం మొదలుపెట్టండి. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పేర్లు అందరితో పాటు కనిపించే మొదటి సెన్సస్ అది. 1850, 1860 నాటి బానిసల షెడ్యూళ్లలో పేరుండేది యజమానికే. కింద వరసగా వయసు, స్త్రీనా పురుషుడా, రంగు లాంటివే. 1870లో 42 ఏళ్లున్న మనిషిని 1860లో 32 దగ్గర వెతకాలి. వయసులు అంచనాకు రాసినవి కాబట్టి అటూ ఇటూ ఐదేళ్లు చూడండి. ఇంటిపేరు చివరి యజమానిదే అయి ఉంటుందనుకుంటే దారి తప్పుతారు. విముక్తి పొందినవాళ్ల కోసం 1865లో పెట్టి 1874లో మూతపడ్డ ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు ఇక్కడ ఆదుకుంటాయి; చాలా ఖాతాల్లో తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లూ రాశారు.

తర్వాత ఇంటర్న్‌షిప్. న్యూయార్క్ హార్లెంలోని షోంబర్గ్ సెంటర్, వాషింగ్టన్‌లో హోవర్డ్ వారి మూర్‌లాండ్-స్పింగార్న్, న్యూ ఆర్లీన్స్‌లోని అమిస్టాడ్, అట్లాంటాలోని ఆబర్న్ ఎవెన్యూ లైబ్రరీ నల్లజాతి చరిత్ర సేకరణలున్న పెద్ద చోట్లు. అక్కడ దొరక్కపోతే మీ ఊళ్లో నల్లజాతి చర్చి దగ్గర రికార్డుల పెట్టె ఉందేమో అడగండి. పెట్టె విప్పగానే తారీఖుల వారీగా సర్దబోకండి. ఏ కాగితం పక్కన ఏది ఉందన్నదీ సాక్ష్యమే. తుప్పు పట్టిన క్లిప్పులు తీసేయండి, యాసిడ్ లేని ఫోల్డర్లలో పెట్టి పెన్సిలుతో రాయండి. న్యూస్‌పేపర్ కటింగును ఉత్తరం మీద వదిలేస్తే, దానిలోని యాసిడ్ దిగి ఉత్తరం మీద గోధుమ రంగు మచ్చ పడుతుంది. కుటుంబం కాగితాలిస్తే దానపత్రం రాయించుకోండి. ఉత్తరం అందుకున్నవాళ్లు ఇచ్చేది కాగితం మాత్రమే, కాపీరైట్ రాసినవాళ్లది. ఈ తేడా ముందే చెప్పకపోతే గొడవలొస్తాయి.

ఉద్యోగాల వేటలో, యూనివర్సిటీ లైబ్రరీలు కొన్ని ఆఫ్రికన్-అమెరికన్ స్టడీస్‌లోనో చరిత్రలోనో రెండో మాస్టర్స్ అడుగుతాయి. పబ్లిక్ లైబ్రరీల్లో ఆ పట్టింపు తక్కువ. 1970లో ఏర్పడ్డ నల్లజాతి లైబ్రేరియన్ల సంఘం బ్లాక్ కాకస్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడే చేరండి. హెచ్-1బీ కావాల్సినవాళ్లు యూనివర్సిటీ పోస్టులనే ముందు చూడాలి, వాటికి లాటరీ లేదు. దరఖాస్తుతో పాటు మీరు తయారుచేసిన ఫైండింగ్ ఎయిడ్, అంటే ఒక సేకరణలో ఏముందో చెప్పే వివరాల జాబితా, ఒక్కటైనా పంపండి, చర్చి పెట్టెదైనా సరే.